పరాసు మావయ్య ఓటు

మావయ్య పోయిన మర్నాడు పొద్దున్నే కౌలాలంపూర్‌లోని ఫ్రెంచి రాయబార కార్యాలయం నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. సంతాపం చెప్పాడు. మాజీ సైనికుడు కాబట్టి పూలచక్రం పంపుతామనీ, రిబ్బను మీద రాయడానికి ఆయన పూర్తి పేరు అక్షరం అక్షరం చెప్పమనీ అడిగాడు. నేను తడబడి మా అత్త వైపు చూశాను. అత్త భర్త పేరు నోటితో పలకని తరం మనిషి. తల అడ్డంగా ఊపింది. క్లాంగ్‌లో మా వీధి వీధంతటికీ ఆయన పరాసు మావయ్య. తమిళులకు కూడా పరాసు మామావే. చివరికి పాస్‌పోర్టు వెతికి, చూసి చదివాను. నలభై ఏళ్ళు ఆయన చేతుల్లో పెరిగినదాన్ని, ఆ పేరు నా నోట ఎవరిదో పరాయివాడిదిలా పలికింది.

ఫ్రెంచివాళ్ళను ఆయన ఊళ్ళో పరాసులనేవారట. మా మేనత్తను పెళ్ళికి అడగడానికి మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, "మాది పరాసు యానామండి" అన్నారట మా తాతతో. బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో పుట్టి పెరిగిన మా తాతకు యానాం ఎక్కడుందో తెలియదు. పరాసు అంటే ఇంటిపేరనుకున్నాడు. అది అలాగే ఉండిపోయింది.

ఆయన మాట గోదావరి మాట. మాది ఉత్తరాంధ్ర నుంచి తాతముత్తాతలు మోసుకొచ్చిన మాట. మేం ఏటి అంటే ఆయన ఏంటండీ అనేవారు. ఔనని చెప్పడానికి తల ఊపకుండా "ఆయ్" అనేవారు. చిన్నప్పుడు మేం పిల్లలందరం ఆయన చేత ఆయ్ అనిపించడానికి పనికిమాలిన ప్రశ్నలు వేసేవాళ్ళం. ఆయనకు అది తెలుసు. తెలిసినా ప్రతిదానికీ జవాబు చెప్పేవారు. కోపమొస్తే మాత్రం ఫ్రెంచిలోకి వెళ్ళిపోయేవారు. అప్పుడు అత్త, "అదిగో, ఓడెక్కినాడు, దిగినాక మాటాడదాం లా" అని మలేషియా లా ఒకటి చివర తగిలించి వంటింట్లోకి పోయేది.

ఫ్రెంచి సైన్యంలో చేసి, తర్వాత సరుకు ఓడల మీద తిరిగి, పోర్ట్ క్లాంగ్‌లో దిగి మా అత్తను చేసుకున్నారని చెబితే ఆయన జీవితం చెప్పినట్టే. వాళ్ళకు పిల్లలు లేరు. ఇక్కడి పౌరసత్వం తీసుకోవాలంటే ఫ్రాన్సుది వదులుకోవాలి. ఆయన వదులుకోలేదు. అందుకని ఇక్కడ ఉండటానికి అనుమతి ఉన్న మనిషిగానే ఉండిపోయారు తప్ప, ఓటున్న మనిషి కాలేదు. ఎన్నికల రోజు అత్త ఓటు వేసి ఇంటికి రాగానే ఆవిడ చెయ్యి పట్టుకుని, సిరా పూసిన వేలు వెలుతురులోకి తిప్పి చూసేవారు. కాసేపు అలా పట్టుకునే ఉండేవారు.

"నీకు వేలికి సిరా, నాకు చెవికి పేరు" అనేవారు.

ఆ మాటకు అర్థం నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. షుగరు వల్ల ఆయన కాలు పాడయ్యాక, ఫ్రెంచి ఎన్నికలు వచ్చినప్పుడల్లా కౌలాలంపూర్‌కు నా కారులోనే వెళ్ళడం మొదలైంది. నేను పోర్ట్ క్లాంగ్‌లో సరుకు రవాణా ఆఫీసులో పనిచేస్తాను. వాళ్ళ ఓట్లు ఎప్పుడూ ఆదివారాలే కాబట్టి నాకు కుదిరేది. ముందురోజు ఆయన తన ముదురు నీలం కోటు తనే ఇస్త్రీ చేసుకునేవారు. అత్తను ముట్టుకోనిచ్చేవారు కాదు. "ఈ ఎండలో కోటేటి, సెమట కారిపోతాది, సుమ్మా ఉత్తి సొక్కాతో ఎల్లండి" అని ఆవిడ ప్రతిసారీ అనేది. ఆయన ప్రతిసారీ కోటుతోనే వెళ్ళేవారు. కట్టు కట్టిన కాలు బూటులో పట్టకపోతే మడమ తొక్కి ఈడ్చుకుంటూ నడిచారు గాని చెప్పులతో వెళ్ళలేదు.

ఒకసారి ఆయనకు నడవడం మరీ కష్టమై, ఆ గది గుమ్మం దాకా నన్ను రానిచ్చారు. బల్ల మీద ఒక్కో అభ్యర్థికీ ఒక్కో చీటీల దొంతర ఉంది. ఓటరు కొన్ని చీటీలు తీసుకుని తెర వెనక్కి వెళ్ళి, ఒకటి కవరులో పెట్టి, మిగతావి చెత్తబుట్టలో వెయ్యాలి. ఎన్ని చీటీలు తీశాడో చూసేవాళ్ళకు తెలుస్తుంది గాని, ఏది పెట్టాడో తెలియదు. మావయ్య అన్ని దొంతరల్లోంచీ ఒక్కొక్కటి తీసుకునేవారు. "ఎవరి మొహమూ చిన్నబుచ్చకూడదు గదమ్మాయ్, లోపల మన ఇష్టం" అన్నారు. పెట్టె దగ్గర కూర్చున్న మనిషి ఆయన పేరు, ఇంటిపేరుతో సహా, గది అంతా వినపడేలా చదివాడు. కవరు పెట్టెలో పడింది. "ఆ వోతే" అన్నాడు. ఓటు వేశారు అని. అక్కడ అందరికీ అంటారట అలా. మావయ్య వెంటనే కదల్లేదు. ఆ మాట ఇంకా గాల్లో ఉన్నట్టు, అది పూర్తిగా వినేదాకా నిలబడ్డట్టు, ఒక్క క్షణం ఆగి అప్పుడు బయటికి వచ్చారు.

వాళ్ళ నాన్న యానాంలో కచేరీలో బంట్రోతు. ఫ్రెంచివాళ్ళు ఊరు వదిలి వెళ్ళిపోయాక, కావాలనుకున్నవాళ్ళు ఫ్రెంచివాళ్ళుగానే ఉండిపోవచ్చని గడువిచ్చారట. ఆయన అలాగే ఉంటానని రాసిచ్చాడు. తెల్లవాళ్ళు పోయినా వీడు వాళ్ళ ఖాళీ కొట్టానికి కాపలా ఉంటాడని ఊరు నవ్వింది. అప్పటికి మావయ్య పొడుగు లాగులు వేసే వయసుకు వచ్చారు. ఎందుకు నాన్నా అని అడిగారు. "ఇక్కడ ముందు కులం అడిగి తర్వాత పేరు అడుగుతారు. అక్కడ పేరు అడిగి ఊరుకుంటారు" అన్నాడట తండ్రి. ఈ మాట మావయ్య నాకు ఎన్నిసార్లు చెప్పారో. చెప్పిన ప్రతిసారీ చివర చెయ్యి గుండె మీద వేసుకునేవారు. అది సైన్యంలో నేర్చుకున్న అలవాటు కాదు. తండ్రి చెయ్యి అక్కడ ఉన్నట్టు వేసుకునేవారు.

ఇంతటి మనిషిని విరిచింది ఒక తమ్ముడి ఓటు.

ఆ తమ్ముడిని నేను చిన్న మావయ్య అంటాను. తండ్రి పోయాక పెద్దాయన తనే వెంటబెట్టుకుని ఫ్రాన్సు తీసుకెళ్ళి బడిలో వేసిన పిల్లవాడు. అక్కడ దక్షిణాన ఒక చిన్న ఊళ్ళో బస్సు నడిపి రిటైరయ్యాడు. అక్కడి అమ్మాయినే చేసుకున్నాడు, ఆవిడ పోయింది. పొట్టిగా, హుషారుగా ఉంటాడు. తెలుగు కొంచెం తుప్పు పట్టింది గాని మాట్లాడటం మానడు. రెండేళ్ళ కిందట జూన్ మొదట్లో, అన్నయ్య ఆరోగ్యం బాగాలేదని తెలిసి, రెండు నెలలు ఉంటానని క్లాంగ్ వచ్చాడు. వచ్చిన వారంలోనే వీధిలో అందరికీ దోస్తు అయ్యాడు. దురియన్ పండు ముక్కు మూసుకోకుండా తిన్న మొదటి ఫ్రెంచివాడని అత్త మెచ్చుకుంది. మావయ్య తమ్ముడి వెనకాలే తిరుగుతూ, ఏది చూసినా "వీడికి చూపించాలి" అనేవారు. ఆయనను అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడే ఒక సోమవారం పొద్దున, కాఫీ తాగుతూ ఫోన్ చూస్తున్న మావయ్య, "పార్లమెంటును రద్దు చేసేశాడ్రా" అన్నారు. యూరప్ ఎన్నికల్లో దెబ్బ తిన్న వాళ్ళ అధ్యక్షుడు, ఎవరూ అనుకోని వేళ సభను రద్దు చేసి, ఆ నెలాఖరుకే ఎన్నికలన్నాడు. గెలిచేలా కనిపిస్తున్నది బయటివాళ్ళు వద్దనే పార్టీ. మావయ్య ఆ పార్టీ పేరు పలికేవారు కాదు. వద్దువాళ్ళు అనేవారు. రెండు పౌరసత్వాలున్నవాళ్ళకు కొన్ని ఉద్యోగాలు ఇవ్వకూడదని వాళ్ళు అంటున్నారని చదివి వినిపించి, "ఇవాళ ఉద్యోగం, రేపు ఇంకోటి. ఇది ఎక్కడ మొదలవుతుందో మనకి తెలుసు" అన్నారు.

చిన్న మావయ్య పరోటా తుంచుకుంటూ కూర్చున్నాడు.

తన ఊళ్ళో తను లేడు కాబట్టి, తన బదులు వేరొకరు ఓటు వేసేలా రాసివ్వాలి. ఆ పని రాయబార కార్యాలయంలో చేయించవచ్చని పెద్దాయనే తెలుసుకున్నారు. ఓటు వృథా కాకూడదని ఆయన పంతం. నేను సెలవు పెట్టి ఇద్దరినీ తీసుకెళ్ళాను. చిన్న మావయ్య తన పక్కింటాయన పేరు ఇచ్చాడు.

"నమ్మకస్తుడేనా?" అని మాత్రం అడిగారు మావయ్య.

"పెళ్ళయిన కొత్తలోంచీ పక్కిల్లే అన్నయ్యా. నా బదులు ఆయన వేస్తే నేను వేసినట్టే."

మావయ్య తమ్ముడి భుజం తట్టారు. తిరిగి వస్తుంటే ఫెడరల్ హైవే మీద జోరువాన. ఇద్దరూ వెనక సీట్లో చిన్నప్పటి గోదావరి వరద గురించి మాట్లాడుకున్నారు.

అక్కడ ఎన్నిక రెండు విడతలుగా జరుగుతుంది. మొదటి విడతలో అందరూ పోటీ చేస్తారు. ఎవరికీ సగం రాకపోతే, ముందున్నవాళ్ళ మధ్య వారం తర్వాత రెండో విడత. మొదటి విడత రోజు మావయ్య కోటు వేసుకుని వెళ్ళి ఓటు వేసి వచ్చారు. మర్నాటికి తెలిసింది, వద్దువాళ్ళే దేశమంతటా ముందున్నారు. చిన్న మావయ్య ఊళ్ళో కూడా.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ వాళ్ళింట్లో ఆగాను. అక్కడ అప్పుడు మధ్యాహ్నం. చిన్న మావయ్య ఫోన్‌లో ఎవరో నవ్వుతున్న మొహం. పక్కింటాయన. గట్టిగా, ఉత్సాహంగా మాట్లాడుతున్నాడు. నాకు ఫ్రెంచి రాదు. మావయ్య కుర్చీలోంచి లేవడం మాత్రం చూశాను. కర్ర కోసం చూడకుండా లేచారు.

ఫోన్ ఆగింది. మావయ్య తెలుగులోనే అడిగారు.

"ఎవరికి వేయించావురా?"

చిన్న మావయ్య ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "విన్నావు గదా అన్నయ్యా."

"నీ నోటితో చెప్పు."

"వాళ్ళకే."

మావయ్య ఫ్రెంచిలోకి వెళ్ళలేదు. అది కోపం కాదని నాకు అప్పుడు అర్థమైంది.

"నీ మొహం చూసుకున్నావా వాళ్ళకి వేయించే ముందు? నాన్న రాసిచ్చాడని, నువ్వు దొంగతనంగా రాలేదని, వీధిలో నడిచేటప్పుడు నీ నుదుటి మీద కనపడుతుందా?"

"వాళ్ళు అంటున్నది మనల్ని కాదన్నయ్యా. మనం ముందునించీ ఫ్రెంచివాళ్ళం. మొన్న మొన్న వచ్చి..."

"ఎవరు చెప్పారు నీకు?"

"మా వీధిలో అందరూ అంటారు. నువ్వు వేరు అంటారు."

"నువ్వు వేరు అని చెప్పాల్సి వచ్చిందంటేనే తెలీట్లేదా?"

చిన్న మావయ్య గొంతు అప్పుడు లేచింది. "నువ్వు అక్కడ ఎన్నాళ్ళున్నావు? సైన్యం బారకాసుల్లో ఉన్నావు. యూనిఫాం ఉంది నీకు. తర్వాత ఓడలు, తర్వాత ఇక్కడ. కోటేసుకుని ఎప్పుడో ఒకసారి వెళ్ళి ఓటేసొస్తావు, అదీ నీ ఫ్రాన్సు. నేను ఆ బస్సు నడిపాను. మా ఊరికి రైలు ఆపేశారు. డాక్టరు పోయాడు, ఇంకో డాక్టరు రాలేదు. నా బస్సు మీద రాళ్ళేశారు, అద్దం పగిలి మొహాన పడింది. ఎవడొచ్చాడు? పక్కింటాయన వచ్చాడు. నాన్న చెప్పాడంటావే, పేరు అడిగి ఊరుకుంటారని. ఊరుకోరు. పేరడుగుతారు. మళ్ళీ అడుగుతారు. ఎలా రాస్తారని అడుగుతారు. తర్వాత, అది సరే, అసలు ఎక్కడినించి అని అడుగుతారు."

"అలా అడిగేవాళ్ళకే ఓటు వేయించావు."

అత్త వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ దేశం ఓట్లకి ఈ ఇంట్ల కూడు మానేస్తారేటి? రండి, సల్లారిపోతంది" అంది.

ఆ వారం అంతా మావయ్య ఒకే మాట అడిగారు. ఒక్క ఫోన్. పక్కింటాయనకు ఫోన్ చేసి, రెండో విడతలో అవతలి మనిషికి వెయ్యమని చెప్పు. చిన్న మావయ్య ఊళ్ళో మూడో స్థానంలో వచ్చినవాళ్ళు, ఓట్లు చీలకూడదని తప్పుకున్నారు. దేశమంతటా అలా చాలామంది తప్పుకుంటున్నారు. ఇంక మిగిలింది ఇద్దరు. అక్కడ ఒక్కో ఓటూ పనికొచ్చేదే. భోజనం దగ్గర అడిగారు. కాలికి కట్టు మార్చుకుంటూ అడిగారు. పెరట్లో ఇద్దరూ బట్టలు ఆరేస్తుంటే, తడి లుంగీ అవతల నుంచి అడిగారు. మొదట గద్దించారు, తర్వాత బతిమాలారు. తమ్ముడిని బతిమాలడం ఆయనకు అలవాటు లేదు. మాట మధ్యలో విరిగేది.

చిన్న మావయ్య ఔననలేదు, కాదనలేదు.

రెండో ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం కౌలాలంపూర్ వెళ్ళాం. ఈసారి అన్నదమ్ములు ఒకరు ముందు, ఒకరు వెనక కూర్చున్నారు. మావయ్య కర్ర పట్టుకుని లోపలికి వెళ్ళారు. నేను సాయం వస్తానంటే వద్దన్నారు. కారులో నేనూ చిన్న మావయ్యా మిగిలాం.

"నేను ఎందుకు ఫోన్ చెయ్యలేదో నీకు చెప్తానమ్మా" అన్నాడు. ముందు అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "మా అన్నయ్య తెర వెనక వేస్తాడు. ఆయన ఏ చీటీ పెట్టాడో దేవుడికే తెలియాలి. నాది అలా కాదు. నా ఓటు పక్కింటాయన చేతిలో ఉంది. మార్చమని చెప్పానంటే, ఆయనకి తెలుస్తుంది. ఆయన భార్యకి తెలుస్తుంది. రొట్టెల కొట్లో తెలుస్తుంది. ఆ వీధిలో నేను వాళ్ళ మనిషిని అవడానికి నా వయసంతా పట్టింది. నా భార్య కూడా లేదు ఇప్పుడు. సాయంత్రం తలుపు తడితే ఆయనే తడతాడు."

"ఇదే మాట మావయ్యకి చెప్పండి" అన్నాను.

"చెబితే పిరికివాడంటాడు. ఇప్పుడు దుర్మార్గుణ్ణి అనుకుంటున్నాడు. అదే నయం."

మావయ్య మెట్లు దిగుతూ కనిపించారు. నేను కారు దిగి ఆయనకు ఎదురు వెళ్ళాను. మొహం చెమటతో మెరుస్తోంది. కిందటి ఆదివారం మొదటి విడతలో చీటీలు తీసేటప్పుడు వద్దువాళ్ళ చీటీ ముట్టుకోలేదని, జీవితంలో మొదటిసారి ఒక దొంతర వదిలేశానని, అప్పుడు చెప్పారు. "చేతికి రాలేదమ్మాయ్" అన్నారు.

మర్నాడు పొద్దున్నకి ఫలితాలు తెలిశాయి. దేశం మొత్తం మీద వద్దువాళ్ళు అనుకున్నట్టు గెలవలేదు. మూడో స్థానానికి పడిపోయారు. వామపక్షాల కూటమి ముందు నిలిచింది. ఎవరికీ పూర్తి బలం రాలేదు. నేను ఆఫీసుకు వెళ్తూ ఆగి, ఈ కబురు చెప్పి మావయ్యను సంతోషపెడదామనుకున్నాను. ఆయనకు అప్పటికే తెలుసు. ఫోన్ నా చేతికి ఇచ్చి, తమ్ముడి ఊరు ఉన్న నియోజకవర్గం చూడమన్నారు. అక్కడ వద్దువాళ్ళే గెలిచారు. చాలా కొద్ది ఓట్ల తేడా.

"ఆయ్" అన్నారు మావయ్య.

అంతే. చిన్న మావయ్య ఉండాల్సిన రోజులు ఇంకా చాలా ఉన్నా, టికెట్టు ముందుకు మార్చుకున్నాడు. బయల్దేరే రోజు మావయ్య గదిలోంచి రాలేదు. చిన్న మావయ్య గది బయట నిలబడి, "వెళ్ళొస్తాను అన్నయ్యా" అన్నాడు. అత్త చిన్న పిల్లాడికి కట్టినట్టు మురుకుల పొట్లం కట్టి చేతిలో పెట్టింది.

ఆ తర్వాత మావయ్య కోటు బయటికి తియ్యలేదు. తియ్యాల్సిన అవసరమూ రాలేదు. అక్కడ ప్రభుత్వాలు కూర్చోవడం, లేవడం చేస్తూ ఉన్నాయి. ఒక ప్రధానమంత్రి దిగిపోయాడని వార్త వస్తే, "మళ్ళీ రద్దు చేస్తాడేమో" అనేవారు. ఆ గొంతులో ఆశ ఉందో భయం ఉందో తెలిసేది కాదు. కిడ్నీలు పాడయ్యాయి. వారంలో కొన్ని రోజులు డయాలసిస్‌కు తీసుకెళ్ళేవాళ్ళం. అక్కడ కుర్చీలో గొట్టాల మధ్య పడుకుని, పైన టీవీలో మలయ్ వార్తలు చూస్తూ ఉండేవారు. చిన్న మావయ్య ఫోన్ చేస్తే తెర మీద పేరు చూసి, ఫోన్ బోర్లా తిప్పి ఒళ్ళో పెట్టుకునేవారు. అది మోగి మోగి ఆగేదాకా దాని మీద చెయ్యి వేసి ఉంచేవారు.

ఒకరోజు ఆ కుర్చీ పక్కన కూర్చుని, కారులో చిన్న మావయ్య నాతో అన్నదంతా చెప్పాను. పక్కిల్లు, రొట్టెల కొట్టు, సాయంత్రం తలుపు తట్టే మనిషి. మావయ్య కళ్ళు మూసుకుని విన్నారు.

"నాకు తెలుసమ్మాయ్" అన్నారు. "చిన్నప్పుడు వాడు ఎప్పుడూ నా వెనకే దాక్కునేవాడు. కుక్క అరిచినా, మేష్టారు కేకేసినా, నా చొక్కా పట్టుకుని వెనక్కి. ఫ్రాన్సులో బడిలో వాడిని మొదటిరోజు దింపినప్పుడు కూడా అంతే, చొక్కా వదల్లేదు. నేను వదిలించుకుని వచ్చాను. తర్వాత ఓడలన్నాను, మలేషియా అన్నాను, పెళ్ళన్నాను. వాడికి దాక్కోడానికి నా వెనకాల చోటు లేకుండా పోయింది. దొరికిన వీపు వెనక దాక్కున్నాడు."

"అయితే ఒకసారి మాట్లాడండి."

"ఏం చెప్పను? వాళ్ళని వదిలేసి రారా అని చెప్పడానికి, నేను అక్కడ ఉన్నానా?"

అయినా కాసేపటికి నంబరు కలపమన్నారు. కలిపి చేతికి ఇచ్చాను. రెండు మూడు సార్లు మోగింది. ఇంక తీస్తాడనగా మావయ్య బొటనవేలితో ఆపేశారు. తర్వాత ఎప్పుడూ కలపమని అడగలేదు. కిందటి నెలలో, డయాలసిస్ నుంచి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెడుతుండగా పోయారు.

చిన్న మావయ్య దొరికిన విమానం ఎక్కి వచ్చాడు. నిప్పు ఆయనే పెట్టాడు. రాయబార కార్యాలయం వాళ్ళు పంపిన పూలచక్రం రిబ్బను చితి మీద అంటుకోకుండా చాలాసేపు మెరుస్తూ ఉంది. కర్మలన్నీ ఆయనే కూర్చుని చేశాడు. పురోహితుడు తమిళంలో చెబుతుంటే అర్థం కాక, ప్రతిదానికీ నా వైపు చూసేవాడు. నేను తెలుగులో చెప్పేదాన్ని. బక్కచిక్కాడు. హుషారు పోయింది. వీధిలో దోస్తులు పలకరించినా తల ఊపి ఊరుకున్నాడు.

కర్మ అయిపోయిన సాయంత్రం అత్తా, నేనూ, ఆయనా వాకిట్లో కూర్చున్నాం. ఆయన తనే మొదలుపెట్టాడు.

"ఆ రోజు నేను ఫోన్ చేశానమ్మా."

ఏ రోజని నేను అడగలేదు.

"నువ్వు అన్నయ్యకి ఎదురెళ్ళావు గదా, అప్పుడు. కాలీడ్చుకుంటూ ఆయన మెట్లు దిగుతుంటే చూడలేక కారులోంచే చేశాను. అక్కడ పొద్దున్న. పక్కింటాయన ఇంకా ఓటుకి బయల్దేరలేదు. అవతలి మనిషికి వెయ్యమన్నాను. లైను కట్ అయిందనుకున్నాను. తర్వాత, సరే అన్నాడు."

అత్త ఆయన వైపు తిరిగింది. "మరి ఆయనకి సెప్పనేదేటి? ఆ మాట వొక్కటి సెప్తే..."

"ఏం చెప్పను వదినా? సరే అన్నాడు గాని, వేశాడో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. మర్నాడు వాళ్ళే గెలిచారు. వేయించానన్నయ్యా అంటే, ఏది, నువ్వు చూశావా అని అడుగుతాడు. చూడలేదు గదా నేను. అన్నయ్యకి అబద్ధం చెప్పలేను, నిజం నాకే తెలియదు."

"తిరిగెళ్ళాక పక్కింటాయన ఏమన్నారు?" అని అడిగాను.

"ఏమీ అనలేదు. నేను ఊళ్ళో లేనప్పుడు నా మొక్కలకి నీళ్ళు పోసేది ఆయనే. వెళ్ళేసరికి కుండీలన్నీ ఎండిపోయి ఉన్నాయి. గోడ అవతల ఆయన తోట పచ్చగా ఉంది."

తర్వాత ఆ ఇంటి తలుపు ఎవరూ తట్టలేదట. రొట్టెల కొట్లో కూడా డబ్బులు తీసుకుని చిల్లర బల్ల మీద పెడుతున్నారట. చేతిలో పెట్టడం లేదట.

ఇంకొన్నాళ్ళు ఉండమని అత్త అడిగింది. ఆవిడ అడగడంలో తన కోసం కంటే ఆయన కోసమే ఎక్కువ ఉంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఈ ఆదివారం మా ఊళ్ళో పురపాలక ఓట్లు వదినా. పక్కింటాయన ఆ పార్టీ తరఫున నిలబడ్డాడు. ఈసారి నా ఓటు నా చేత్తో వెయ్యాలి."

శుక్రవారం ఆయన్ని విమానాశ్రయానికి తీసుకెళ్ళాను. ఎవరికి వేస్తారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

సోమవారం సాయంత్రం అత్తకు ఫోన్ చేశాడు. నేను అక్కడే ఉన్నాను. వాళ్ళే గెలిచారట. పక్కింటాయన ఇప్పుడు ఊరి సభలో సభ్యుడు. "ఏసినావా మరి?" అని అత్త అడిగింది. వేశాను అన్నాడు. ఓటు వేసేచోట వరసలో పక్కింటాయన సరిగ్గా తన ముందే నిలబడ్డాడట. వెనక ఎవరున్నారో ఆయనకు తెలుసట, అయినా తిరగలేదట. వరస చాలా మెల్లగా కదిలిందట. చిన్న మావయ్య తన వంతు వచ్చేదాకా ఆయన వీపు వైపు చూస్తూ నిలబడ్డాడట.